వెనక ఎడమ స్పీకరు

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన చెవి లోపాన్ని తీసుకెళ్లి టీవీ నెత్తిన రుద్దాడు మెకానిక్కు. "దీని స్పీకర్లు పోయాయి. అందరూ గొణుగుతున్నారు" అని ఓ సాయంత్రం భార్యతో అనేసి, సౌండు ఇంకో నాలుగు మెట్లు పెంచాడు. గండం గడిచిందనుకున్నాడు. పాపం, ఆ ముక్కతోనే గండం మొదలైంది.

శబ్దం విషయంలో మొగుడి మాటను ఆమె కళ్లు మూసుకుని నమ్ముతుంది. నమ్మదూ మరి? అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అందరూ అతన్ని స్టెతస్కోపు అని పిలుస్తారు. ఏ మోటారు కాస్త తేడాగా తిరిగినా అతను మూరెడు పొడవు స్క్రూడ్రైవరు పట్టుకుని వస్తాడు. మొనను మోటారుకి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. "ఈ బేరింగు పది రోజులు" అన్నాడంటే పదకొండో రోజున అది కూలబడాల్సిందే. ఆ చెవులను చూసే మేనేజరు అతన్ని రెండు సార్లు వేరే ఫ్యాక్టరీకి పోనివ్వకుండా ఆపుకున్నాడు.

"అయితే మంచి హోమ్ థియేటర్ కొందాం" అందామె మర్నాడే. "ముందు రెండు, వెనక రెండు, మధ్యలో ఒకటి. మాటలు శుభ్రంగా వినపడతాయి. అప్పుడైనా నా పక్కన కూర్చుని ఒక్క సినిమా చివరిదాకా చూస్తారేమో."

చివరి మాటలు అతనికి సగమే వినపడ్డాయి. మిగతా సగం ఆమె పెదాల మీద చదువుకున్నాడు.

ఏడాదిగా ఇదే వరస. ఆమె వంటింట్లోంచి పిలిస్తే పలకడు. కుళాయి కారుతుంటే కట్టడు. జేబులో ఫోను మోగి మోగి ఊరుకుంటుంది. ఆమె ఓ కొరియరు ఆఫీసులో రోజంతా ఫోనెత్తి మాట్లాడే ఉద్యోగం చేస్తుంది. "ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా నేను చెప్పేది వింటారు. ఇంటికొస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని ఒకసారి విసుక్కుంది. సామెతకి అన్నమాటే అది. అతనికి మాత్రం గుండె ఆగినంత పనైంది. ఆ రోజే చెప్పేసి ఉంటే పోయేది. చెప్పలేదు. పరధ్యానం అన్నాడు, పని ఒత్తిడి అన్నాడు. మొగుడు తన మాట పెడచెవిన పెడుతున్నాడని ఆమె లోలోపల నలిగిపోతుంటే, చెవిటివాడని తెలియడం కంటే అదే నయమని ఊరుకున్నాడు. మగవాళ్ల తెలివి ఒక్కోసారి అలా ఏడుస్తుంది.

భయం లేదా అంటే, కడుపు నిండా ఉంది. పోయిన నెలలో వెనక్కొస్తున్న ఫోర్క్‌లిఫ్టు హారను అతనికి వినపడలేదు. ప్యాకింగులో పనిచేసే ఆవిడ కాలరు పట్టి లాగకపోతే ఆ రోజే పత్రికలో పడేవాడు. ఏదో జోకు వేసి నవ్వించి, పోయి స్క్రూడ్రైవరు తీసి పెద్ద రోలరుకి ఆనించాడు. తిరగట్లో రాయి పడ్డ చప్పుడు స్పష్టంగా, ఎప్పటిలాగే వినపడింది. ప్రాణం లేచొచ్చింది. 'నా చెవులకేం! ఈమధ్య మనుషులే మెల్లగా మాట్లాడుతున్నారు' అనుకున్నాడు. ఆ ధైర్యం ఫ్యాక్టరీ గేటు దాటేదాకానే నిలిచేది. ఇంటి గుమ్మంలో కాలు పెట్టగానే మళ్లీ భార్య పెదాలకేసి చూపు నిలబెట్టుకోవడమే పని.

ఇంతలో బావమరిది దిగాడు. వాడు ఫోనులో రివ్యూలు చదవనిదే చెప్పుల జత కూడా కొనడు. "షాపులెందుకు బావా? ఇక్కడ నొక్కితే ఎల్లుండికి గుమ్మంలో ఉంటుంది. నాలుగున్నర నక్షత్రాలు."

పెళ్లయినప్పటి నుంచి వాడు ఎడమంటే తను కుడి అనే మెకానిక్కు, ఆ రోజు మాత్రం ఎగిరి గంతేశాడు. "వీడు చెప్పింది బాగుంది. నొక్కరా."

"ఆగు" అంది భార్య. "మా ఆఫీసులో తిరుగు టపాలో పోయే పెట్టెలు సగం ఇవేరా. జనం నక్షత్రాలు చూసి కొంటారు, విన్నాక వెనక్కి పంపుతారు. ఇంట్లో ఇంతటి చెవులున్న మనిషిని పెట్టుకుని వినకుండా కొనడం ఏంటి? ఈయన ఏ షాపులో బాగుందంటే ఆ షాపులో కొంటాం."

అతని గుండెల్లో రాయి పడింది.

మొదటి షాపు పెద్ద మాల్లో, రెండో అంతస్తులో. లోపల చీకటి గది, మెత్తటి కుర్చీలు, గోడలకి దళసరి గుడ్డ. మెడలో కార్డు వేసుకున్న సేల్సమ్మాయి రిమోటు నొక్కింది. "సార్, వాన మీ వెనక నుంచి వస్తోంది. గమనించారా?"

వాన అతనికి ఏ వైపు నుంచీ రాలేదు. భార్య తల వెనక్కి తిప్పి, చిన్నపిల్లలా కళ్లు పెద్దవి చేసింది. ఆమె తిప్పగానే అతనూ తిప్పాడు. ఆమె నవ్వితే నవ్వాడు. ఉరుము వచ్చినప్పుడు ఆమె భుజాలు ఎగిరితే ఓ క్షణం ఆలస్యంగా తనూ ఎగరేశాడు. బాగానే నెట్టుకొస్తున్నాననుకునేలోపు ఆ అమ్మాయి రెండు సెట్లు మార్చి మార్చి పెట్టి, "ఏది బాగుందో మీరే చెప్పాలి సార్" అంది.

"రెండూ డొల్లే" అని లేచి నిలబడ్డాడు. "పైన పటారం, లోన లొటారం. పదండి."

రెండోది బావమరిది తెలిసినవాళ్ల హోల్‌సేల్ షాపు. పెట్టెల మధ్య నడవడానికే చోటు లేదు. అక్కడ రెండో పాట కూడా పెట్టనివ్వలేదు, ఒకే పాటని ఒక నిమిషం విన్నట్టు నటించి, పెట్టె వెనక మరలు విప్పించాడు. "రేకు పల్చన. టంకం చూడు, ముక్కు చీదినట్టుంది. నాలుగు నెలలకి గిలకలా మోగుతుంది" అన్నాడు. టంకం గురించి అన్నది నిజమే. కళ్లకి ఏ రోగమూ లేదు కదా.

"చూశావురా, మీ బావంటే ఏమనుకున్నావ్" అని మురిసిపోయిందామె. ఆ మురిపెం చూస్తుంటే అతనికి కొరివితో తల గోక్కుంటున్నట్టనిపించింది. తను దాక్కున్నకొద్దీ ఆమె దృష్టిలో తన చెవులు పెద్దవైపోతున్నాయి.

"ఇలాగైతే ఈ జన్మకి కొనం" అన్నాడు బావమరిది బయట మెట్ల మీద.

"ఇంకొకటుంది. మా డెలివరీ అతను చెప్పాడు. ఓ పెద్దావిడ సొంతంగా పెట్టెలు కట్టి అమ్ముతుందట. ఆ షాపు నుంచి పోయిన పెట్టె ఒక్కటి కూడా ఇంతవరకు తిరిగి రాలేదట" అంది భార్య.

ఆ షాపు లాండ్రీ పక్క సందులో, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. కళ్లజోడుకి తాడు కట్టుకున్న పెద్దావిడ చేతిలో టంకం కడ్డీ పట్టుకునే "రండి" అంది. గోడల నిండా చెక్క పెట్టెలు, బల్ల నిండా వైర్లు, పనిముట్లు. గది నడిమధ్యన కుర్చీ ఒకే ఒక్కటి.

ఆ కుర్చీని చూడగానే మెకానిక్కుకి చెమటలు పట్టాయి. పక్కన భార్య ముఖం ఉండదు.

"నా దగ్గర పద్ధతి ఒకటుంది" అంది పెద్దావిడ. "అయిదింట్లో ఒక స్పీకరు వైరు పీకేసి పాట పెడతాను. ఒక్కొక్కరే కూర్చుని ఏది పలకడం లేదో చెప్పాలి. చెప్పినవాళ్లకి మంచి సెట్టు. చెప్పలేనివాళ్లకి చిన్న సెట్టు చాలు. వినపడని దానికి డబ్బు పోయడమెందుకు?"

బావమరిది కూర్చుని, కళ్లు మూసుకుని తలాడించాడు. "అన్నీ సూపర్‌గా పలుకుతున్నాయి."

"నీకు ఫోను చాలు బాబూ" అంది పెద్దావిడ. తర్వాత భార్య కూర్చుంది. పది లెక్కపెట్టేలోపే లేచి, నవ్వుతూ పెద్దావిడ చెవిలో ఏదో చెప్పింది. పెద్దావిడ మెచ్చుకోలుగా ఆమె భుజం తట్టింది.

"ఇక మా ఆయన" అంటూ భార్య కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడింది.

అతను కూర్చున్నాడు. పాట మొదలైందని పెద్దావిడ వేలు కదలడాన్ని బట్టి తెలిసింది. ముందు నుంచి ఏదో హోరు, గోడ అవతల ఎవరో బట్టలుతుకుతున్నట్టు. అంతే. వెనక కుడి, వెనక ఎడమ, మధ్య, ఏదీ విడివిడిగా తెలియడం లేదు. అయిదింట్లో ఒకటి నోటికొచ్చింది చెప్పేద్దామా? తప్పితే? ఆమె ఇప్పుడే కనిపెట్టేసింది, తను తప్పు చెప్తే క్షణంలో తెలిసిపోతుంది. ఆమెకు తెలిస్తే బావమరిదికి తెలుస్తుంది. వాడికి తెలిస్తే ఊరికి తెలుస్తుంది, ఫ్యాక్టరీకి తెలుస్తుంది. చెవి లేని స్టెతస్కోపుని ఎవరుంచుకుంటారు? చొక్కా వీపుకి అంటుకుపోయింది.

అప్పుడు కనపడింది, బల్ల అంచున పొడవాటి స్క్రూడ్రైవరు.

"నా పద్ధతి నాకుంది" అని లేచి దాన్ని అందుకున్నాడు. మొన స్పీకరు పెట్టెకి, పిడి చెవి వెనక ఎముకకి. ఆనగానే పాట తల లోపలికి దూకింది. తీగ మీద వేలు జారిన చప్పుడుతో సహా. కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. రెండోది పలికింది, మూడోది పలికింది, వెనక కుడిది పలికింది. వెనక ఎడమది మాత్రం చచ్చిన చెక్క.

"ఇదే!"

బావమరిది చప్పట్లు కొట్టాడు. "బావా, నువ్వు మనిషివి కాదు!" భార్య ముఖం వెలిగిపోయింది. గండం గడిచింది. అతను ఊపిరి పీల్చుకుని, చూశారా అన్నట్టు నవ్వుతూ పెద్దావిడ ఎక్కడుందని వెతికాడు. ఆవిడ పాట ఆపేసి, ఎప్పుడో అతని వీపు వెనక్కి వెళ్లింది. అతను భార్య వైపు తిరిగి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

భార్య నవ్వడం లేదు. చేయి నోటికి అడ్డం పెట్టుకుని, ముందు అతని వీపుకేసి, తర్వాత అతని ముఖంలోకి చూసింది. బావమరిది కూడా చప్పట్లు ఆపేశాడు. ఏదో జరిగింది. ఏం జరిగిందో తనకొక్కడికే తెలియదు.

పెద్దావిడ ముందుకొచ్చి, అతను పెదాలు చూసేలా నిలబడి, మాట మాటా విడదీసి అంది: "బాబూ, మీ చొక్కాకి నిప్పంటుకుంది అన్నాను. రెండుసార్లు అన్నాను."

స్క్రూడ్రైవరు ఇంకా అతని చేతిలోనే ఉంది.

"మా నాన్నా ఇంతే" అంది పెద్దావిడ. "రేడియోలు బాగుచేసేవాడు. పుల్ల ఆనించి అన్నీ వినేవాడు, గుమ్మంలో మనిషి అరిస్తే వినపడేది కాదు. ఎముక వింటోందంటే లోపల పనిచేస్తున్నట్టేనట, దారే మూసుకుపోయిందని డాక్టరు చెప్పాడు. మీదీ అదేనో కాదో నేను చెప్పలేను. వెళ్లి చూపించుకోండి. అప్పటిదాకా మీకు చిన్న సెట్టూ అమ్మను, పెద్ద సెట్టూ అమ్మను."

అతను తల దించుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, ఆ ఒక్క పనికైతే అవి బాగానే పనికొచ్చాయి. భార్య తిడుతుందనుకున్నాడు. తల ఎత్తి చూస్తే ఆమె ఏడుస్తోంది.

"ఎన్నాళ్లుగా?" అని ఆమె పెదాలు అడిగాయి.

"ఏడాది."

"ఏడాదిగా నేనంటే మీకు మొహం మొత్తిందనుకున్నాను" అందామె. "పిలిస్తే పలకరు. పక్కన కూర్చోరు. మా ఆఫీసులో అందరితో బాగా మాట్లాడతాననీ, ఇంట్లోనే నా గొంతు మీకు చేదైందనీ... ఈ హోమ్ థియేటరు కూడా దేనికనుకున్నారు? దాని కోసమైనా పక్కన కూర్చుంటారని."

అందులో సగం అతనికి వినపడలేదు, కన్నీళ్ల వల్ల పెదాలూ సరిగా ఆడలేదు. కానీ సంగతి మొత్తం అర్థమైంది. ఉద్యోగం పోతుందని, పరువు పోతుందని ఏడాదిగా వణికాడు. నిజంగా పోతున్నదేమిటో చూసుకోనే లేదు.

"నీ మీద విసుగా?" అన్నాడు. "నువ్వేమన్నావో తెలియక, తెలియలేదని చెప్పలేక, దూరంగా పోయి కూర్చున్నాను."

ఆమె ముక్కు చీదుకుంది. అతని చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుంది. మొన జాగ్రత్తగా తన గడ్డం కింద ఎముకకి ఆనించి, పిడిని అతని చెవి వెనక పెట్టింది. ఇది చూసి బావమరిది నోరు తెరవబోయాడు. పెద్దావిడ వాడి చేయి పట్టుకుని ఆపింది.

"మన టీవీ బాగానే ఉంది కదూ?" అందామె.

ఏడుపు జీరతో సహా, మాట చివర ఆగిన ఊపిరితో సహా, భార్య గొంతు అతని తల నిండా పలికింది. ఏడాదిగా వినని గొంతు.

"బాగానే ఉంది" అన్నాడతను. "ఇంకోసారి అను."