కళ్ళలో తెలుపు

మా ఇంట్లో నా పేరు సైరన్. పెట్టింది మా అక్క, వాడేది అందరూ. చిన్న తలనొప్పి వచ్చినా వీధి చివరిదాకా వినపడేలా చెప్పడం నా అలవాటు, ఒప్పుకుంటాను. నొప్పిని లోపల దాచుకుని పైకి నవ్వే మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాబట్టి పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలేలోపు నేనెంత గోల చేసి ఉంటానో మీరే ఊహించుకోండి. అన్నం తిన్న కాసేపటికి పక్కటెముకల కింద మొదలై వీపులోకి పాకేది ఆ నొప్పి. మా ఆయన కింద ఫొటో స్టూడియోలో పని మధ్యలో ఆపేసి పైకి పరుగెత్తుకొచ్చిన రోజులున్నాయి. ఆయన వచ్చేసరికి నొప్పి తగ్గిపోయి, నేను లేచి కూర్చుని టీ తాగుతున్న రోజులూ ఉన్నాయి. ఆ పేరు నిలబడింది ఆ రెండో రకం రోజుల వల్లే.

పిత్తాశయం తీసేయాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. పొట్ట మీద నాలుగు చిన్న కన్నాలు పెట్టి తీసేస్తాం, మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చు అంది. వినడానికి పన్ను పీకించుకున్నంత తేలిగ్గా ఉంది. తీరా బల్ల మీద పడుకోబెట్టాక నా కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. మత్తు డాక్టరు నా మొహం చూసి, "ఏం చేస్తుంటారమ్మా మీరు?" అని అడిగాడు. ఫొటో స్టూడియోలో కౌంటర్ నాదే అన్నాను. "అయితే ఒకసారి నవ్వండి" అంటూ మాస్కు పెట్టాడు. ఆ జోకుకి తగిన జవాబు ఆలోచిస్తూనే నిద్రలోకి జారిపోయాను. ఇప్పటికీ ఆ జవాబు ఆయనకి బాకీయే.

మెలకువ వచ్చేసరికి గొంతు ఎండిపోయి ఉంది, పొట్ట మీద నాలుగు ప్లాస్టర్లున్నాయి. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. పంపించేటప్పుడు డాక్టరమ్మ నాకూ మా ఆయనకీ కలిపి చెప్పింది. ఆపరేషన్‌లో పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల కొన్నాళ్ళు భుజం లాగుతుంది, దానికి కంగారు పడొద్దు. కానీ జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి అంది. మా ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు.

మా ఇల్లు స్టూడియో పైనే. వెనక గదిలోంచి లోపలి మెట్లెక్కితే నేరుగా మా హాల్లోకి వస్తాం. పగలంతా తెల్లటి లైట్ల కింద పనిచేసి వస్తాడు కాబట్టి, పడకగదిలో మాత్రం పసుపు బల్బు ఉండాలంటాడు మా ఆయన. కిటికీకి మందపాటి కర్టెన్ కూడా వేయించాడు. ఆ గదిలో దుప్పట్లూ గోడలూ మనుషులూ అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. నాకు సాయానికి వచ్చిన అక్క కూడా, "ఈ గదిలో మాత్ర ఏ రంగుదో చూసుకోవాలంటే హాల్లోకి వెళ్ళాల్సొస్తోందే" అని విసుక్కుంది.

మొదట్లో బాగానే కోలుకున్నాను. దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకోవాలనీ, లేవాలంటే ముందు పక్కకి తిరగాలనీ నేర్చుకున్నాను. అక్క చేతిమీద బరువేసి హాల్లోంచి వంటింటిదాకా నడిచేదాన్ని. మెత్తటి అన్నం, పల్చటి చారు. రుచి లేదని నేనూ, నోరు మూసుకుని తినమని అక్కా. ఇల్లు మామూలుగానే ఉంది.

తర్వాత ఒక సాయంత్రం ఒళ్ళంతా దురద మొదలైంది. దద్దుర్లూ లేవు, దోమలూ లేవు, కానీ అరిచేతుల్లోంచి పాదాల దాకా లోపలినుంచి ఎవరో గీరుతున్నట్టుంది. మర్నాటికి మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి వచ్చింది. అక్కకి చెప్పాను. "నీళ్ళు తాగడం లేదు, అదే" అంది. మా ఆయనకి చెప్పాను. "కుట్లు మానుతుంటే దురద పెడుతుంది కదా" అన్నాడు. కుట్లు పొట్టమీద ఉంటే దురద అరికాళ్ళలో ఎందుకొస్తుందని అడిగితే ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. మోగిందిరా బాబూ అనే చూపు అది.

తిండి చూస్తే వాంతి వస్తోంది, ఆ పసుపు గది దాటి రావడం లేదు. పక్కటెముకల కింద పాత చోటే మళ్ళీ నొప్పి. తీసేసిన అవయవం ఎలా నొప్పెడుతుందని అక్క అడిగింది. అదే కదా నా ప్రశ్న కూడా! ఇక లాభం లేదని నేనే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ఏదో మీటింగులో ఉంది. అంతా విని, "కళ్ళు దగ్గరగా కనిపించేలా మొహం ఫొటో తీసి పంపండి, కుట్లవి కూడా. చూసి చెప్తాను" అంది.

ఫోనుతో తీసేస్తే అయిపోయేది. మా ఆయన ఫోనుతో తీస్తాడా? కిందికెళ్ళి పెద్ద కెమెరా మెడలో వేసుకొచ్చాడు. "గడ్డం కొంచెం పైకి" అన్నాడు. "పాస్‌పోర్టుకి కాదండీ, డాక్టరుకి" అని అరిచాను. నవ్వుతూ తీశాడు. కిందికెళ్ళి కంప్యూటర్‌లోంచి పంపిస్తానని వెళ్ళాడు. కాసేపటికి జవాబొచ్చింది. కళ్ళు తెల్లగా ఉన్నాయి, కుట్లు శుభ్రంగా ఉన్నాయి, గ్యాస్ నొప్పే అయి ఉంటుంది, నడవండి, చెప్పిన రోజుకి రండి.

మా ఆయన ఆ జవాబు ఒకటికి రెండుసార్లు పైకి చదివాడు. "విన్నావుగా? హాయిగా పడుకో" అన్నాడు. అక్క ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం మంచం మీద గుడ్లప్పగించి పడుకున్నాను. ఏమీ లేకపోతే ఈ ఒళ్ళు ఎవరిది? ఇంతకాలం గోరంతని కొండంత చేసి చెప్పీ చెప్పీ, నిజంగా ఏది ఎంతో నాకే తెలియకుండా పోయిందా అని మొదటిసారి నా మీద నాకే అనుమానం వచ్చింది. అరవడం మానేశాను. అక్క అది చూసి, "మందు పనిచేస్తున్నట్టుంది" అంది.

మర్నాడు మధ్యాహ్నం చలి పట్టుకుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం కూడా వణుకుతోంది. అక్క రెండు దుప్పట్లు కప్పి, నుదురు చూసి, జ్వరం మాత్ర కోసం వీధిలోకి పరుగెత్తింది. వణుకు కాస్త తగ్గగానే లేచాను. ఇంకెవరినీ ఒప్పించే ఓపిక లేదు. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళాలి, అంతే. ఒక చేత్తో పొట్టా, ఒక చేత్తో రెయిలింగూ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ కిందికి దిగాను.

వెనక గదిలో ఎవరూ లేరు. తలుపు అవతల స్టూడియోలో ఎవరికో ఫొటో తీస్తున్నాడు. "ఇటు చూడండి" అంటున్నాడు. కంప్యూటర్ తెర మీద నా మొహం ఉంది. పెద్దగా, తెర నిండా.

చాలా బాగున్నాను ఆ ఫొటోలో. బుగ్గల్లో లేత గులాబీ రంగు. కళ్ళు పాలల్లా తెల్లగా ఉన్నాయి. ఆ గులాబీ రంగు ఎక్కడిదో నాకు తెలుసు. ఎన్ని మొహాలకి పూస్తుండగా పక్కన కూర్చుని చూశానో! మంచాన పడి పోయినవాళ్ళ ఆఖరి ఫొటోలు పట్టుకొస్తారు ఇంట్లోవాళ్ళు. వేరే ఫొటో లేదండీ, కొంచెం బాగున్నట్టు చెయ్యండి అని కళ్ళనీళ్ళతో అడుగుతారు. కౌంటర్లో నేను, మావారు చూసుకుంటారు లెండి అంటాను. మా ఆయన పసుపు తీసేస్తాడు, బుగ్గలు నింపుతాడు, కళ్ళు కడుగుతాడు. ఫొటో చూసి వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్తారు. అదే పని నాకూ చేసి పెట్టాడు, నేను బతికుండగానే.

దిద్దకముందు ఫొటో ఎలా ఉందో చూపించే మీట ఏదో నాకు తెలుసు. వేలు రెండుసార్లు తప్పి మూడోసారి పడింది. తెర మీద మొహం మారింది. చర్మం పసుపు, పెదాల చుట్టూ పసుపు, కళ్ళలో తెలుపు ఉండాల్సిన చోట ముదురు పసుపు.

తలుపు తోశాను. తెల్ల తెర ముందు ఎవరో భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. నైటీలో, జుట్టు విరబోసుకుని, పొట్ట పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఆవిడ సగం లేచింది.

"నా కళ్ళు ఏం చేశావ్?" అన్నాను.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఆయన కెమెరా దించాడు. "ఏమైంది? ఎందుకు దిగావ్?"

"డాక్టరుకి పంపిన ఫొటోలో నా కళ్ళు. పసుపు ఎందుకు తీశావ్?"

"అది బల్బు పసుపే... పడకగది బల్బు వెలుగు పడింది. రంగు సరిచేశానంతే, రోజూ చేసేదేగా..."

ఆయన చెయ్యి పట్టుకుని వీధి తలుపు దాకా లాక్కెళ్ళాను. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. బయట ఎండ మండిపోతోంది. కళ్ళు రెండు చేతులతో విప్పి పట్టుకుని, "ఇక్కడ బల్బు లేదు, చూడు" అన్నాను.

చూశాడు. ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం నేను కళ్ళారా చూశాను. "తాళాలు" అన్నాడు. "కారు తాళాలు ఎక్కడున్నాయి?" జేబులోనే ఉన్నాయి. రెండు చేతులతో ఒళ్ళంతా తడుముకుంటున్నాడు.

"ముందు అసలు ఫొటో పంపు" అన్నాను.

పంపాడు. మేం కారు ఎక్కకముందే ఫోన్ మోగింది. "ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. తిన్నగా ఎమర్జెన్సీకి తీసుకొచ్చెయ్యండి, నేనూ బయల్దేరుతున్నాను" అంది డాక్టరమ్మ. మందుల షాపు నుంచి వస్తూ ఎదురైన అక్క మాత్రల పొట్లంతోనే కారెక్కింది. దారిలో మళ్ళీ చలి వచ్చింది. అక్క నన్ను వాటేసుకుని కూర్చుంది. "నేను నమ్మలేదే, నేను నమ్మలేదే" అని అదొక్కటే అంటోంది. చచ్చిపోతానేమోనని భయమేసింది నాకు. నిజంగా భయమేసింది. ఆ భయాన్ని అరిచి చెప్పడానికి గొంతు లేదు.

రాయి ఒకటి పిత్తాశయంలోంచి ముందే జారి, కాలేయం నుంచి పేగులోకి వెళ్ళే గొట్టంలో ఇరుక్కుందట. పైత్యరసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తోందట. చీము పట్టడం మొదలైందట. నోట్లోంచి సన్నటి గొట్టం దింపి రాయి తీయాలన్నారు. డాక్టరమ్మ ఫోన్‌లో రెండు ఫొటోలూ మార్చి మార్చి చూసింది. "ఈ రెండూ ఏయే రోజు తీశారు?" అని అడిగింది.

"రెండూ ఒకటేనండి" అన్నాడు మా ఆయన. "దిద్దకుండా ఎవరి ఫొటో బయటికి పంపను. అలవాటు."

ఆవిడ ఫోన్ పక్కన పెట్టింది. నా వైపు తిరిగి, "నేనూ ఫొటో నమ్మాను. మీ మాట నమ్మి రమ్మనాల్సింది" అంది. ఆ మాట అన్నందుకు ఆవిడ మీద నాకు కోపం పోయింది. మా ఆయన మీద పోలేదు. స్ట్రెచర్ కదులుతుంటే పక్కనే నడుస్తూ నా చెయ్యి పట్టుకోబోయాడు. దుప్పట్లోకి లాక్కున్నాను. తలుపు దగ్గర ఆయన్ని ఆపేశారు. నన్ను లోపలికి తీసుకెళ్ళిపోయారు.

రాయి వచ్చేసింది. ఇంకో పూట ఆలస్యమైతే రక్తమంతా విషమయ్యేదని తర్వాత నర్సు చెప్పింది. రాత్రంతా సెలైనూ మందులూ ఎక్కుతూనే ఉన్నాయి. తెల్లారాక కళ్ళు తెరిస్తే మంచం పక్కన కుర్చీలో మా ఆయన. గడ్డం మాసిపోయి ఉంది. నిద్రపోయినవాడిలా లేడు.

"చెప్పనా ఒకటి" అన్నాడు మెల్లగా. "పసుపు నాకు ముందే కనిపించింది, కెమెరాలో. గుండె ఝల్లుమంది. బల్బేలే అనుకున్నాను. కాదు, బల్బే కావాలనుకున్నాను. తెల్లగా చేశాక ప్రాణం కుదుటపడింది. డాక్టరమ్మ కూడా తెల్లగా ఉన్నాయనేసరికి, ఇంక అదే నిజమనుకున్నాను. పని మధ్యలో వచ్చి వచ్చి ఆ ఫొటోనే చూసుకున్నాను."

"నన్ను చూడొచ్చుగా" అన్నాను. "పైనే ఉన్నానుగా."

"చూడ్డానికి భయమేసింది."

నేను మొహం తిప్పేసుకున్నాను. ఏడుపు వస్తే పొట్ట నొప్పెడుతుందని ఏడవలేదు. నర్సు వచ్చి కిటికీ పరదా పూర్తిగా పక్కకి లాగింది. గదంతా ఎండ పడింది. వెనకే డాక్టరమ్మ వచ్చింది. పొట్ట నొక్కి చూసింది, చార్టు చూసింది, జ్వరం దిగిందంది. అప్పుడు నాతో కాకుండా మా ఆయనతో, "కళ్ళు ఎలా ఉన్నాయో మీరు చూసి చెప్పండి" అంది.

మా ఆయన లేచాడు. నా గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పాడు. ఈసారి నేను చెయ్యి తొయ్యలేదు. ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను, మళ్ళీ ఎడమది చూశాడు. బాగున్నాయని అంటాడని ఎదురుచూశాను. ఆ మాట అంటే ఇక జన్మలో ఈయనతో మాట్లాడకూడదని కూడా అనుకున్నాను.

"పసుపుగానే ఉన్నాయండి" అన్నాడు. "ఇంకా చాలా పసుపుగా ఉన్నాయి."

"ఉంటాయి. పూర్తిగా తగ్గడానికి టైం పడుతుంది" అంది డాక్టరమ్మ, చార్టులో రాసుకుంటూ.

నా గురించి అంత చెడ్డమాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు నేను. పొట్ట నొప్పెడితే నొప్పెట్టిందని అప్పుడు ఏడ్చాను. ఆయన చెయ్యి ఇంకా నా గడ్డం కిందే ఉంది.

"రేపు కూడా చూసి చెప్పండి" అన్నాను.