ఆదివారం అడిగిన జీతగాడు

ఆలూరు సాయిలు పటేల్ ఇంట్ల అంజిలయ్య ఎనిమిదేండ్ల సంది జీతమున్నడు. పొద్దు పొడవకముందే లేచి కొట్టంల పెండ తీసుడు, నాగలి కట్టుడు, పొద్దుగూకినంక ఎద్దులకు మేతేసి ఇంటికి వచ్చుడు. మైలెద్దు, కర్రెద్దు రెండూ ఆయన గొంతు తప్ప ఇంకొకరి గొంతు వినవు. సాయిలు చెడ్డ మనిషేం కాదు. నోరు పెద్దదే గాని చెయ్యి లేపడు, పండుగకు బట్టలు పెడతడు. అయితే జీతగానికి గూడ ఒక తీరిక ఉండాలని ఆయనకు ఎన్నడూ తట్టలే.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగుల, జీతగాళ్లు కూలోళ్లు ఉండే వాడల ఆరిండ్లవాళ్లు బాప్తిస్మం తీసుకున్నరు. అంజిలయ్య, ఆయన పెండ్లాం ప్రమీలమ్మ గూడ అండ్ల ఉన్నరు. అప్పటిసంది ఆదివారం పొద్దుగాల చేవెళ్ల నుంచి అంతయ్య పంతులు నడిచొచ్చి, గడ్డి కప్పిన ఒక గుడిసెల ప్రార్థన పెడతడు. ప్రమీలమ్మ కూలికి పోయే మనిషి. ఆ ఒక్క దినం పోకుంటె అడిగేటోడు లేడు. జీతగానికి అట్ల చెల్లది. గుడిసెల పాట మొదలయ్యే యాళ్లకు అంజిలయ్య చెలకల నాగలి ఎనుక ఉంటడు. గాలి ఇటు మళ్లితే రాగం వినబడుతది, మాటలు మాత్రం వినబడవు. మూడేండ్లల్ల పాటలన్నిటి రాగాలు ఆయనకు వచ్చినయి, మాటలు ఒక్కటీ రాలే. ఆ రాగాల మీద సొంత మాటలు కట్టుకొని ఎద్దులకు పాడుకుంట దున్నేటోడు.

ఆ మూడో ఏడు క్రిస్మస్‌కు సాయిలు ఒక్కపూట సెలవిచ్చిండు. అంజిలయ్య తలకు నూనె రాసుకొని, ఉతికిన ధోతి కట్టుకొని గుడిసెకు పోయిండు. పంతులు ఒక్కొక్కరిని లేపి పరలోక ప్రార్థన చెప్పమన్నడు. ముసలోళ్లు చెప్పిన్రు, చిన్నపిల్లలు చెప్పిన్రు. అంజిలయ్య రెండు మాటలు చెప్పి ఆగిపోయిండు. ఎంత తన్లాడినా మూడోది నోటికి రాలే. ఎవ్వరూ నవ్వలే. పంతులు భుజం మీద చెయ్యేసి, "కూసో అంజిలన్నా, నీ తప్పు గాదు" అన్నడు. తప్పు అని తిడితే ఇంత బాధ అనిపించకపోవు. ఊళ్లె తనను అన్నా అని పిలిచే మనిషి ముంగట గిట్ల అయిందే అని ఆయనకు చాన్నాళ్లు మనసుల కలుక్కుమన్నది.

ఉగాది వచ్చింది. జీతాలు మాట్లాడుకునే దినం. సాయిలు అరుగు మీద కూసొని చుట్ట ముట్టిచ్చుకుంట, "ఏమ్రా అంజిలీ, ఈ ఏడు ఇంకో సంచి జొన్నలు ఎక్కువేస్త. ఖుషీనా?" అన్నడు.

అంజిలయ్య కింద నిలబడి తువ్వాల మడతపెట్టుకుంట, "జొన్నలొద్దు పటేలా. నాకు ఆదివారం గావాలె" అన్నడు.

"ఆదివారం ఏం జేస్తవ్?"

"ఏం జెయ్య పటేలా. అందుకే అడుగుతున్న."

సాయిలుకు ముందు నవ్వొచ్చింది, ఎనుక కోపమొచ్చింది. వాళ్లింట్ల ఎద్దులకు సోమవారం కాడి పెట్టరు. వాళ్ల నాయిన కాలంల ఊళ్లె పశువులన్నీ రోగమొచ్చి చస్తుంటే, తన జత బతికితే సోమవారం నాగలి కట్టనని ఆయన శివునికి మొక్కుకున్నడు. ఆ మొక్కు ఇప్పటిదాక తప్పలే. "ఆదివారం నువ్వు, సోమవారం ఎద్దులు! వారంల రెండు దినాలు నాగలి అటకెక్కుతదారా?" అని గట్టిగ అన్నడు. మళ్ల జర సేపు ఆలోచన చేసి, "ఒక పని జెయ్యి. సోమవారం నీకు గడ్డి కోసే పని, గట్లు చెక్కే పనేగా. ఆ పని నేను ఇంకొకనితోని చేపిస్త. సోమవారం నీదే. మొక్కుకుంటవో, పండుకుంటవో నీ ఇష్టం" అన్నడు.

ఇంతకన్న మంచిమాట ఏ పటేల్ చెప్తడు? అంజిలయ్య దండం పెట్టి వచ్చిండు.

ఇంటికొచ్చి చెప్తే ప్రమీలమ్మ పొయ్యి కాడి నుంచి లేచింది. "సంచి జొన్నలు ఇడిసిపెట్టినవా! అడిగేముందు నాతోని ఒక్కమాట అనరాదా?" అని కసురుకున్నది. రొట్టె పెనం మీద మలిపి, "సోమవారమైతే నీకు తోడు ఎవరుంటరు?" అన్నది.

ఆ మాట అంజిలయ్యకు అప్పుడు సమజ్ గాలే. సోమవారం పొద్దుగాల స్నానం చేసి గుడిసెకు పోయినంక సమజ్ అయింది. లోపల ఎవ్వరూ లేరు. నిన్నటి చాప మూలకు చుట్టి ఉన్నది. ఒక కోడి గుడ్డు పెట్టే జాగ కోసం తిరుగుతున్నది. ఆయన చాప పరుచుకొని మోకాళ్ల మీద కూసున్నడు. వచ్చిన రెండు మాటలు చెప్పిండు. మూడోది అందియ్యనీకె పక్కన మనిషి లేడు. పాడుదమంటే ఎద్దుల మాటలే నోటికొస్తున్నయి. వాడంతా కూలికి పోయింది. పంతులు సోమవారం కనకమామిడి ఊళ్లె ఉంటడు. సేపటికి అంజిలయ్య అక్కడనే ఒరిగి నిద్రపోయిండు. గట్ల ఎండకాలమంతా ఏడెనిమిది సోమవారాలు పోయినయి. ఒళ్లు తేలికయింది గాని లోపలి వెలితి తీరలే.

వానలు మొదలయ్యే మిరుగం కార్తె ఇంక పది దినాలున్నదనంగ, అంజిలయ్య మళ్ల అరుగు ముంగట నిలబడ్డడు. 

"పటేలా, నీ మాట తీసేసుడు గాదు. సోమవారం దేవుడున్నడు గని మనుషులు లేరు. ఒక్కన్నే కూసుంటే నాకు ఏం రాదు. పదిమంది నడుమ కూసుంటేనే వస్తది. సోమవారం గడ్డి, గట్లు ఎప్పటి లెక్క నేనే చేస్త. ఆదివారం ఇయ్యి."

"మరి ఆదివారం నాగలి ఎవడు పడ్తడు? వానలు పడితె దినం దినం బంగారమే గదరా!" అని సాయిలు లేచిండు.

లోపల చాట చెరుగుతున్న ఆయన తల్లి కృష్ణమ్మ కడప దాటి బయటికొచ్చింది. డెబ్బై ఏండ్ల ముసలమ్మ, నడుము వంగింది గాని మాట వంగలే.

"నీ చేతులకేమైంది బిడ్డా? మీ నాయిన సచ్చేదాక నాగలి ఇడువలే. నువ్వు నాగలి పట్టి పదేండ్లయింది. ఎద్దుకు నోరు లేకున్నా మీ నాయిన దాని అలుపు అర్సుకున్నడు. వీనికి నోరున్నది, అడుగుతున్నడు. అయినా నీకు వినబడతలేదా?"

సాయిలు చుట్ట పారేసి, "ఒక్క ఆదివారం చూస్త. చెలక ఆగితే మాత్రం ఊకోను" అని లోపలికి పోయిండు.

మిరుగం వాన పడ్డ మూడో దినమే ఆదివారం. అంజిలయ్య కోడి కూయకముందే లేచిండు. కాళ్లు వాటంతటవే కొట్టం దిక్కు పోతుంటే ప్రమీలమ్మ చెయ్యి పట్టి గుంజింది. గుడిసెల మొగోళ్ల దిక్కు ముందటి వరుసలనే కూసున్నడు. పాట అందుకున్నరు. ఇన్నేండ్లు గాలిల విన్న రాగానికి మాటలు ఎట్లుంటయో దగ్గర నుంచి వింటుంటే ఆయన కండ్లు నిండినయి. 

రెండో పాట నడుమ ఎవరో వాడ మొదట్ల నిలబడి కేకేసిండ్రు. చూస్తే సాయిలు. మోకాళ్లదాక బురద, ముఖమంతా చెమట. ఆ మనిషి వాడకు ఎన్నడూ రాలే. పాట ఆగింది. ఆడోళ్లు కొంగులు సర్దుకున్నరు. పనికి పిలవనీకె వచ్చిండని అందరు అనుకున్నరు. అంజిలయ్య లేచి బయటికి వచ్చిండు.

"ఏం మందు పెట్టినవ్‌రా నా ఎద్దులకు?" అన్నడు సాయిలు. "కొట్టినా కదులయి, తిట్టినా కదులయి. మీరు పాట మొదలువెడితె నడుస్తయి. పాట ఆగితె ఆగుతయి. ఎంతసేపు నిలబడాలె నేను?"

"వస్త పటేలా" అని అంజిలయ్య ధోతి ఎగ్గట్టిండు.

"నువ్వు రాకు! నిన్ను తీస్కపోతే మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యదు. ఆ పాటేందో చెప్పి సావు."

అంజిలయ్య ఎనుకకు తిరిగి చూసిండు. పంతులు గుడిసె తలుపుల నిలబడ్డడు. అంజిలయ్య సిగ్గుతోని తల వంచుకొని, దేవుని పాట రాగం మీదనే, "మెల్లగ నడువుర మైలన్నా, సాలు తప్పకుర కర్రన్నా" అని పాడిండు. ముందు పిల్లలు కిసుక్కుమన్నరు, ఎనుక ఆడోళ్లు, ఆఖరికి పంతులు గూడ తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్విండు. సాయిలు మాత్రం నవ్వలే. రెండుసార్లు పెదవులతోని అనుకొని చూసుకొని, గొణుక్కుంట పోయిండు.

మళ్ల అందరు కూసున్నరు. జర సేపటికి చెలక దిక్కు నుంచి సాయిలు గొంతు వినొచ్చింది. రాగం ఎటో పోతున్నది, ఎద్దులు మాత్రం నడుస్తున్నట్టే ఉన్నది. పంతులు బైబిల్ తెరిచి, "అంజిలన్నా, ఇగ ప్రార్థన జేద్దం. నా ఎంబడి చెప్పు" అన్నడు. అంజిలయ్య చెప్పిండు. మాట ఆగినకాడ పక్కనున్న ముసలాయన అందిచ్చిండు.

పగటికి ప్రమీలమ్మ రొట్టె, చింతచిగురు పప్పు పెట్టింది. పెట్టి తను గూడ ఎదురుంగనే కూసున్నది. పెండ్లయినంక పగటిపూట ఇద్దరు కలిసి తిన్నది అదే మొదలు. అంజిలయ్య ముద్ద చేతులనే పెట్టుకొని, "నీ తల నెరిసింది గదనే" అన్నడు.

"ఇప్పుడు కనబడ్డదా? రెండేండ్లయింది" అని ప్రమీలమ్మ నవ్వుకుంట ఇంకో రొట్టె ఏసింది.

ఆ ఏడు చెలక ఆగలే. జొన్న మంచిగనే పండింది. ఆదివారాలు నాగలి పట్టంగ పట్టంగ సాయిలుకు పొట్ట జర తగ్గింది, ఆకలి పెరిగింది. చెలకల ఎక్కడ రాళ్లున్నయో గూడ తెలిసొచ్చింది. 

మళ్ల ఉగాదికి, సాయిలు పక్కింటి రామలింగం కాడ జీతమున్న భిక్షం తన పటేల్ ముంగట పోయి నిలబడ్డడు. వాడు బాప్తిస్మం తీసుకున్నోడు గాదు, మైసమ్మకు మొక్కేటోడు.

"నీకెందుకురా ఆదివారం?" అని రామలింగం గద్దిచ్చిండు.

"ఆదివారమే గావాల్నని లేదు పటేలా. ఏ దినమైనా సరే, ఒక్కటియ్యి" అన్నడు భిక్షం.

రామలింగం గోడ అవతల ఉన్న సాయిలు దిక్కు చూసిండు. సాయిలు చుట్ట నోట్లనుంచి తీసి, "శుక్రవారం ఇయ్యి. మైసమ్మ దినం గదా" అన్నడు.