ఐస్‌క్రీం బండి వెనక

చిప్స్ మీద ఉప్పెక్కువైంది, అయినా బాగుంది, నూర్ వేళ్లకంటిన ఉప్పు కూడా బాగుంది, కొత్త పెళ్లంటే ఇంతేనేమో, మొగుడు పొట్లం విప్పినా పండగలాగే ఉంటుంది అనుకుంటూనే ఓల్వెన్ తెర మీది సముద్రతీరాన్ని పళ్లు బిగించి చూస్తోంది, అదిగో ఆ ఐస్‌క్రీం బండి, దాని పచ్చచారల గొడుగు, వెనక కదులుతున్న ఆ నల్లటి మోచేయి తనదే, సినిమా సగం దాటినా ఇంకా మోచేయే, ముందు వరసలోంచి డెల్ఫీన్ పిన్ని వెనక్కి తిరిగి, ఏమే, నువ్వున్న సినిమా ఇదేనా, పక్క హాల్లోదా అంటోంది, వరసంతా ఒకటే నవ్వు, కార్డిఫ్ రేవులో తమ వీధి సగం వచ్చి కూర్చుంది మరి, ఇల్లిల్లూ తిరిగి చెప్పింది తనే, నవ్వండి, నవ్వండి, చివరి పాట ఇంకా ఉంది.

ఆ పెటిఫర్, డాన్సర్లను ఎక్కడ నిలబెట్టాలో చూసేవాడు, నేల మీద సుద్దతో ఒక్కొక్కరికీ గుర్తు పెడుతూ వచ్చి తన గుర్తు మాత్రం బండి వెనక పెట్టాడు, ఎందుకండీ అంటే, ఏమీ అనుకోకమ్మా, అందరికంటే బాగా ఆడతావు, కాదనను, కానీ ఇది ఇంగ్లీషు సముద్రతీరం కదా, నిన్ను చూస్తే ఈ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందబ్బా అని జనం కథ మర్చిపోతారు అన్నాడు, ఎంత మర్యాదగానో, పైగా చేతిలో ఓ పిప్పరమెంటు పెట్టాడు, తను పుట్టినప్పుడు మంత్రసాని గొంతుకంటే ముందు ఓడ కూత విందట, అమ్మ చెబుతుంది, ఆ హీరోయిన్ అయితే నీళ్లంటే భయమని స్టూడియోలో సముద్రమని కట్టిన నీళ్ల తొట్టిలో దిగడానికే ఏడ్చింది, ఆమె సముద్రపు పిల్ల, తను మోచేయి, పిప్పరమెంటు తినలేదు, పారెయ్యలేదు, ఇప్పటికీ ఈ కోటు జేబులోనే ఉంది, తడిమినప్పుడల్లా కోపం కొత్తగా రాజుకుంటుంది, చివరి పాటలో చెక్క వేదిక కూలి అందరూ నీళ్లలో పడాలి, వేదిక ఒక్కటే కట్టారు, ఒక్కసారే, రెండోసారి లేదు, ఎవరైనా తప్పు చేశారో చంపేస్తా అని అరిచి చెప్పింది పెటిఫరే, అప్పుడే తన కడుపులో చల్లగా ఏదో నవ్వింది, చెక్కలు కిర్రుమనగానే సుద్ద గుర్తు దాటి ఒక్క ఉరుకు, హీరో కుడిచెయ్యి పట్టుకుంది, తర్వాత పెటిఫర్ చెవి దగ్గరకొచ్చి, ఫిల్ము మీద కత్తెరతో ఒక్క కోత, సినిమాలో నువ్వుండవు అన్నాడు, మళ్లీ ఏ స్టూడియో పిలవలేదు, అప్పట్నుంచీ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడమే.

పాట మొదలైంది, అమ్మో చెయ్యి విరుగుతుందే, ఎల్లుండి ఓడెక్కాల్సినవాణ్ణి అంటున్నాడు నూర్, విరగనీ, కోశాడా, ఉంచాడా, చెక్కలు కూలాయి, నీళ్లు ఎగిశాయి, అందులోంచి హీరో లేచాడు, ఎడమవైపు హీరోయిన్, కుడివైపు, కుడివైపు, జుట్టంతా ముఖానికంటుకుని, తెరంత నోరు తెరిచి నవ్వుతూ తను, మా పిల్లే, మా పిల్లే అని పిన్ని లేచి నిలబడింది, కూర్చోండమ్మా, మాకూ చూడనివ్వండి అని వెనకెవరో, హాలంతా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది, ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కరూ అడగరేం, హీరో పాడుతూనే ఉన్నాడు, తన చెయ్యి వదల్లేదు, ఓల్వెన్ జేబులోంచి పిప్పరమెంటు తీసి దానికంటిన నూలుపోగు ఊది నోట్లో వేసుకుంది, ఎంత తియ్యగా ఉందో, పెటిఫర్ కత్తెర పట్టుకుని ఈ ముఖం ఎన్నిసార్లు చూశాడో, ఎక్కడ కోద్దామన్నా హీరో భుజం తెగుతుంది, పాట తెగుతుంది, కూలిన వేదిక మళ్లీ లేవదు, తనను తీసెయ్యాలంటే వాళ్లు వాళ్ల సముద్రాన్నే తీసెయ్యాలి.