కర్రీ పాయింట్ ముందు కాలిబాట

నోయెల్ మీద ఏసుపాదానికి గొంతుదాకా కోపం ఉంది. అమెరికాలో, షామ్‌బర్గ్‌లో తన కర్రీ పాయింట్ ముందు ఆ కుర్రాడి పేరున్న బోర్డులు మూడు ఎన్నికల్లోనూ పాతింది తనే. తెలుగు చర్చిలో కళ్ళముందు పెరిగిన పిల్లవాడు ఇల్లినాయ్ శాసనసభకు గెలిచిన ప్రతిసారీ, తానే గెలిచినట్టు బిర్యానీ పంచాడు. తీరా రోడ్డు పక్కన కాలిబాట వేయడానికి ఆ స్థలమే పోతుందని తెలిసింది. ఊళ్ళో ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళినట్టే శాలువా, పళ్ళబుట్ట పట్టుకుని నోయెల్ ఆఫీసుకు వెళ్ళాడు.

“కాస్త అవతలి పక్కకి జరిపించు బాబూ.”

“సారీ అంకుల్, ఒక్క షాప్ కోసం షిఫ్ట్ చేయలేను. ఆ సైడ్‌వాక్ బిల్‌కి నేనే ఓట్ చేశా. ఈ ఫ్రూట్స్ కూడా తీసుకోకూడదు.”

“ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, నా మాటకి విలువేముందిలే!”

శాలువా తనే కప్పుకుని వచ్చేశాడు.

కాలిబాట పూర్తయిన వారం, చర్చిలో దేవుడు చేసిన మేళ్ళకి అందరూ సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నోయెల్‌ని అందరిముందూ కడిగేద్దామనుకున్నాడు. చర్చి భోజనాల వంటపాత్రలతో తను ఎప్పుడూ ముందే వచ్చేస్తాడు. కారు నడపడం రాని భార్య లూసీ, ఎవరో ఒకరు ఎక్కించుకుంటేనే వస్తుంది. ఆవేళ చెమటలు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

“కొత్త సైడ్‌వాక్ మీద నడిచొచ్చానండీ! ఎవర్నీ బతిమాలలేదు.”

ఆమె మొహంలో అంత వెలుగు ఏసుపాదం చూసి చాలా ఏళ్ళయింది. లేచి నిలబడ్డాడు.

“దేవునికి స్తోత్రం. నోయెల్ బాబుకి వందనాలు. నా లూసీ కాళ్ళకి దారి వేయించాడు.”

కూర్చుంటూ మాత్రం లూసీ చెవిలో గొణిగాడు.

“అయినా పోయింది మూడు సెంట్ల నేల!”