కమాను నిలబడ్డ పూట

మేస్త్రీ వంగి, గుంజ కింద బిగించిన ఆపు చెక్క మీది దుమ్మును నోటితో ఊదాడు. ఎండిన కాలువ మీద కట్టిన రాతి కమాను ఇన్నాళ్లూ అతని కొయ్య చట్రం మీదే పడుకుని ఉంది. ఇవాళ ఆ చట్రాన్ని దించాలి. అంతటా దూలాల వంతెనలూ తీగల వంతెనలూ వస్తున్నాయి. కమాను పని మళ్లీ దొరుకుతుందన్న ఆశ అతనికి లేదు. పొద్దున్నే లేచి పెళ్లికొడుకులా గడ్డం గీసుకున్నాడు.

"నిన్నంతా గుండెల్లో మంటంటూ మూలిగావు. ఇవాళేంటయ్యా ఈ హుషారు?" అంది, నడుమ గుంజకు అవతల కొయ్యసుత్తితో నిలబడ్డ భార్య.

"దూలమైతే నడుం వంచి మోస్తుందే. తీగలైతే పైకి లాగి మోస్తాయి. ఇది చూడు, రాయి రాయిని నొక్కుకుంటూ బరువంతా రెండు గట్లకీ పంచేస్తుంది. ఎంత బరువేస్తే అంత బిగుసుకుంటుంది."

"నీలాగే. ఎంత చెప్తే అంత బిగుసుకుంటావు."

గట్టు మీది తాపీవాళ్లు గొల్లుమన్నారు.

నడుమ మొదలుపెట్టి, గుంజల కింది ఆపు చెక్కలకు చెరో దెబ్బ కొడుతూ, చెరో గట్టు వైపుకి జరగాలి; చట్రం రెండు పక్కలా సమంగా దిగకపోతే కమాను విరుగుతుంది. అతను కొట్టాడు, ఆమె కొట్టింది. చట్రం కాస్త దిగింది. ఆ సంబరంలో అతను ఆమె దెబ్బకు ఆగకుండా మరొకటి కొట్టేశాడు. పైన ఎక్కడో రాయి కిర్రుమంది. సున్నం పొడి రాలింది.

"ఆగు! నువ్వు రెండు కొట్టావు, నేనొక్కటే!"

ఆమె ఒక్క ఉదుటున తన చెక్కను కొట్టింది. కిర్రు ఆగింది. ఇద్దరూ పైకి చూశారు. రాళ్లు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

చివరి చెక్క ఊడేసరికి చట్రానికీ కమానుకీ మధ్య సన్నటి వెలుతురు గీత పడింది.

"నిలబడిందే! నిలబడింది!" మేస్త్రీ చిన్నపిల్లాడిలా చప్పట్లు చరిచాడు. తాపీవాళ్లు తువ్వాళ్లు గాల్లోకి ఎగరేశారు.

చట్రం విప్పిన పూట మేస్త్రీ కమాను కిందే కునుకు తీయడం ఆ పనివాళ్ల ఆనవాయితీ. అప్పుడుగానీ మొదటి బండి పైకి రాదు. మధ్యాహ్నం చట్రం విప్పి తీసేశాక, భార్య ఇచ్చిన టీ రెండు గుక్కలు తాగి, గ్లాసు పక్కనున్న రాతి మీద పెట్టి, అతను ఇసుకలో వెల్లకిలా పడుకున్నాడు.

"రానివ్వండి కంకర లారీని!" అని కేకేసి కళ్లు మూసుకున్నాడు.

లారీ పైనుంచి దడదడమంటూ వెళ్లింది. కమాను కదల్లేదు.

"చూశారా, అంత చప్పుడుకీ లేవలేదు, మొద్దు నిద్ర!" భార్య నవ్వుతూ వచ్చి భుజం తట్టింది. మళ్లీ తట్టింది. అతని ఛాతీ మీద చెయ్యేసి అలాగే ఉంచింది. ఆ ఛాతీ లేవడం లేదు.

"మేస్త్రీ! ఇంకో లారీని రమ్మనమంటావా?" పైనుంచి ఎవరో ఉత్సాహంగా అరిచారు.

ఆమె తలెత్తి కమాను వైపు చూసింది.

"రానివ్వండి," అంది. "నిలబడుతుంది."

రెండో లారీ వెళ్తుంటే, రాతి మీది గ్లాసులో టీ పైన కట్టిన మీగడ సన్నగా వణికి, మళ్లీ కుదురుకుంది.