ఆర్ట్స్ అంటే ముగ్గులేగా

"గురువారం పదకొండింటికి మన సుబ్బరాజు గృహప్రవేశం ముహూర్తం. వాకిట్లో పెద్ద ముగ్గు నువ్వేస్తావని వాళ్లకి చెప్పేశా," అన్నాడు మా ఆయన బాలమురళి, ఇడ్లీ ప్లేటు నా ముందుకు జరుపుతూ. చట్నీ ఇంకొంచెం కావాలన్నమాట.

వేశాను. "గురువారం పదకొండింటికే నాకు ట్యుటోరియల్. నా ప్రెజెంటేషన్ ఆ రోజే," అన్నాను.

"రికార్డింగ్ ఉంటుందిగా, తర్వాత చూస్కో."

నేను నిలబడి మాట్లాడాల్సిన క్లాసుకి రికార్డింగ్ ఏమిటి, నా మొహం!

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. మేముండే శివారు క్రెయిగీబర్న్‌లో రైలెక్కి సిటీలో యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్లి చరిత్ర చదువుతున్నాను. డిగ్రీ పేరు బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్. మా వాళ్లకి అందులో ఆర్ట్స్ అన్న మాటొక్కటే వినపడింది. పుట్టినరోజులకి బెలూన్లు కట్టమంటారు, సీమంతాలకి స్టేజీ వెనక నెమలిని గీయమంటారు. నేను నెమలి గీస్తే కోడి వస్తుంది. "ఆర్ట్స్ అంటే బొమ్మలు కాదండీ" అని మొదట్లో చెప్పేదాన్ని. "మరి దేనికి పనికొస్తుందమ్మా?" అంది సుబ్బరాజుగారి భార్య జయశ్రీ. మా అత్తగారైతే "ఖాళీగా ఉండలేక చదువుతోంది" అని ఫోన్లో అందరికీ చెబుతారు. ఖాళీ! కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ అరవై పేజీల రీడింగ్ పూర్తిచేసినదాన్ని నేను. వందేళ్ల కిందటి ఆడవాళ్ల డైరీల గురించి. 'సోమవారం, బట్టలు ఉతికాను' అని ఏళ్ల తరబడి రాసుకున్నవాళ్లు. నా ప్రెజెంటేషన్ వాళ్ల మీదే.

రెండు క్లాసులు ఒకే గంటలో పడితే యూని టైంటేబుల్లో ఎర్రగా క్లాష్ అని వస్తుంది. వాళ్లు కనీసం క్లాష్ ఉందని ఒప్పుకుంటారు. మా ఇంట్లో అదీ లేదు. మా అమ్మాయి అపూర్వని స్కూల్లో దింపాలని తొమ్మిదింటి క్లాసు వదులుకున్నాను. దాని స్విమ్మింగ్ కోసం ఇష్టపడి తీసుకున్న సబ్జెక్టునే మార్చుకున్నాను. అత్తగారు వచ్చి మూడు నెలలున్నప్పుడు ఈ చరిత్ర సబ్జెక్టు మధ్యలోనే మానేశాను. ఇది రెండోసారి. ప్రెజెంటేషన్‌కి మూడో వంతు మార్కులు. గురువారం వెళ్లకపోతే సబ్జెక్టు మళ్లీ పోయినట్టే.

అయినా, సిగ్గులేకుండా చెబుతున్నాను, తేదీ మార్చమని ట్యూటర్‌కి మెయిల్ రాయడానికి కూర్చున్నాను. కారణం రాయాల్సిన చోట చెయ్యి ఆగిపోయింది.

"కల్చరల్ ఆబ్లిగేషన్ అని పెట్టు, వెంటనే ఓకే చేస్తారు," అన్నాడు ఆయన, వెనక నిలబడి కాఫీ తాగుతూ.

ఒళ్లు మండింది. క్లాసు ఎగ్గొట్టించడానికే గుర్తొస్తుంది ఈయనకి నా కల్చర్. అంత పవిత్రమైన పనైతే తనే వంగి వేయొచ్చుగా? రాసిన రెండు లైన్లూ చెరిపేశాను. ఆయన చూడలేదు, అప్పటికే కప్పు సింకులో పడేసి వెళ్లిపోయాడు.

గురువారం అపూర్వని స్కూల్లో దింపి, ఎనిమిదిన్నరకల్లా సుబ్బరాజుగారి కొత్తింటికి చేరాం. "వచ్చేసింది మన ఆర్టిస్టు!" అంటూ జయశ్రీ ముగ్గు డబ్బా చేతికిచ్చింది. కారు నిలిపే సిమెంటు చప్టా మీద వంగి మొదలుపెట్టాను. పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వచ్చేదాకా. వచ్చినవాళ్లందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. నడుం పట్టేసింది. ఆఖరి చుక్క పెట్టి లేచాను, చీర కుచ్చిళ్లు దులుపుకున్నాను, డబ్బా తీసుకెళ్లి మా ఆయన చేతిలో పెట్టాను.

"ఏంటిది?"

"చుక్కలు పెట్టాను, మీరు కలపండి. తొమ్మిదీ ఐదుకి నా ట్రైన్."

"అదేంటి ఉదయశ్రీ, ముహూర్తం దాకా ఉండవా?" అంది జయశ్రీ.

"నా ముహూర్తం కూడా పదకొండుకే, జయశ్రీగారూ."

ఆయన మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "అందరిముందూ ఏంటీ డ్రామా? నాకు ముగ్గెలా వస్తుంది?" అన్నాడు.

పుస్తకాల బ్యాగు భుజాన వేసుకున్నాను.

"యూట్యూబులో రికార్డింగ్ ఉంటుందిగా," అన్నాను. "చూస్కోండి."