కడిగితే పోయే చప్పుడు

ఎక్కడో సముద్రాల అవతలి బ్యాంకు సాఫ్ట్‌వేరులో దాక్కున్న తప్పు మధుసూదన్‌కు రాయదుర్గం ఆఫీసులో కూర్చునే కనబడుతుంది. సొంత కారులో చప్పుడు మాత్రం భార్య చేతుల్లోంచి వస్తున్నట్టు వినబడుతుంది. ఇలాంటి చెవులున్న మనిషితో పద్దెనిమిదేళ్లు కాపురం చేసినందుకు తనకెవరూ శాలువా కప్పలేదని వాసంతి బాధ.

చప్పుడు మొదలై నెలన్నరయింది. తిన్నగా పోతే ఏమీ ఉండదు. మలుపులో స్టీరింగు తిప్పితే చాలు, ముందు చక్రం దగ్గర పాత తలుపు తెరిచినట్టు కిర్రుమంటుంది.

"ఆగిన కారులో స్టీరింగు తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాను? నేను నడిపితే ఎందుకు రాదు మరి?" అనేవాడు మధుసూదన్.

వాసంతికీ అర్థం కానిది అదే. ఆదివారం ఆయన నడిపితే రాదు. సోమవారం ఆమె కూరగాయలకు బయల్దేరితే గేటు దాటకుండానే వస్తుంది. ఆయన రెండుసార్లు సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాడు. రెండుసార్లూ వాళ్లు ఒక చుట్టు తిరిగొచ్చి, చప్పుడేమీ లేదు సార్ అన్నారు. దాంతో మధుసూదన్ తేల్చేశాడు. కారు ముసలిదైంది, నెలాఖరు శనివారం నాలుగింటికి కొనే మనిషి వస్తాడు, ఇచ్చేద్దాం. వాసంతి క్యాబుల్లో తిరగొచ్చు.

వాసంతి నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుంది ఆ కారు మీదే. ఎవరినీ అడక్కుండా గడప దాటడం అలవాటైంది కూడా ఆ కారుతోనే. అది పోతే మళ్లీ "ఎక్కడున్నారు మేడం" అనే గొంతుల దయమీద బతకాలి.

అందుకని వంటింటి క్యాలెండరు మీద లెక్క పెట్టింది. చప్పుడొచ్చిన రోజుకు సున్నా, రాని రోజుకు అడ్డగీత. రెండు వారాలకు చూస్తే అడ్డగీతలన్నీ ఆదివారాలూ బుధవారాలూ. మధ్యలో ఒక మంగళవారం. ఆ మంగళవారం వాన దంచికొట్టింది. మరి ఆది, బుధవారాల సంగతేమిటని ఆలోచిస్తూ బాల్కనీలోంచి కిందికి చూసింది. పార్కింగులో, వారానికి రెండుసార్లు కార్లు కడిగే కుర్రాడు శివ పైపు పట్టుకుని తమ కారు కడుగుతున్నాడు. ఆరోజు బుధవారం.

అప్పుడు వెలిగింది. సర్వీసుకు తీసుకెళ్లేముందు కూడా మధుసూదన్ కారు కడిగిస్తాడు. చక్రాల లోపలిదాకా పంపు కొట్టిస్తాడు. దుమ్ముకారు చూస్తే మెకానిక్కు మన గురించి ఏమనుకుంటాడని ఆయన బెంగ. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికెళ్లినా ఇస్త్రీ చొక్కా తొడుక్కునే వంశం.

శనివారం పొద్దున్నే చెప్పింది. "ఇవాళ కడిగించకండి. ఖాజాగూడలో నర్సింహ అని ఒక మెకానిక్కున్నాడట, వెళ్దాం. మీరే నడపండి."

"ఈ దుమ్ముతోనా?"

"మీరు నడిపితే రాదుగా. దుమ్ముకు భయమెందుకు?"

దారిలో మలుపుల్లో కిర్రుమన్నప్పుడల్లా గుంతల రోడ్డని కొట్టిపారేశాడు మధుసూదన్. నర్సింహది గొయ్యి తవ్విన చిన్న షెడ్డు. సంగతంతా విని ఆయన కారును గొయ్యి మీద నిలబెట్టించాడు.

"సారూ, మీరు స్టీరింగ్ కాడ్నే కూసోండ్రి. అమ్మా, మీరు జర గీ చక్రం మీది స్ప్రింగు మీద చెయ్యి పెట్టుండ్రి. సప్పుడు దాంట్ల ఉంటే చేతికి ఎరుకైతది." అని తను గొయ్యిలోకి దిగాడు.

మధుసూదన్ తిప్పాడు. కిర్రుమంది.

"మల్ల తిప్పుండ్రి సారూ."

మళ్లీ కిర్రుమంది. భర్త ముఖం చూడాలని ఎంతున్నా వాసంతి చూడలేదు. చేయి స్ప్రింగు మీదే ఉంది.

"ఇక్కడ ఏమీ తెలియట్లేదు నర్సింహగారూ. ఇంకా కిందనుంచి వస్తోంది." సంచిలోంచి ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసా తీసింది. "తడిస్తే చప్పుడు ఆగుతోంది. ఒక్కోచోటే తడిపి చూస్తే?"

నర్సింహ గొయ్యిలోంచి తల పైకెత్తాడు. "మీరు ఏం పని చేస్తరమ్మా?"

"ఇంట్లోనే."

"మంచిగైంది. నాకు పోటీ తప్పింది."

సీసా అందుకుని మొదట సన్నటి కడ్డీ కొసన చల్లాడు. మధుసూదన్ తిప్పితే కిర్రుమంది. రబ్బరు బుష్ మీద చల్లాడు. మళ్లీ అదే. చక్రం కిందుగా ఉన్న కీలు మీద చల్లాడు. ఈసారి స్టీరింగు నిశ్శబ్దంగా తిరిగింది. వాసంతి ఇంకోసారి తిప్పమంది. అవసరమై కాదు, వినాలనిపించి.

"దొరికిందమ్మా, బాల్ జాయింటు. వంగి చూడుండ్రి." గిన్నెలాంటి గుంటలో ఉసిరికాయంత ఇనుప గుండు, పైన పగిలిన రబ్బరు తొడుగు. "గ్రీజు పోయి ఇనుముకు ఇనుము రాసుకుంటున్నది. నీళ్లు తాకితే ఒక దినం సప్పుడుండది, ఆరితే మల్ల మొదలు. పంపు కొట్టి కొట్టి ఉన్న గ్రీజు సుత కడిగేసిన్రు. ఎవల పని గిది?"

మధుసూదన్ వేలితో స్టీరింగు మీది దుమ్ము తుడిచాడు.

"గిట్లనే నడిపితే ఒకనాడు చక్రం పక్కకు ఒరుగుతుండె. కొత్తది ఏస్త. ఇగ ఫికర్ లేదు, బండి ఇంకా శానా ఏండ్లు నడుస్తది."

మధుసూదన్ కారు దిగాడు. చేతులు దులుపుకుని, ఫోను తీసి, కొనే మనిషికి చెప్పాడు. "ఇవాళ రానక్కర్లేదండీ. అమ్మట్లేదు." తర్వాత భార్య పక్కకొచ్చి ఏదో గొణిగాడు.

"పక్కన గాలి మిషను మోత," అంది వాసంతి, సీసా మూత బిగిస్తూ. "ఏమన్నారు?"

మిషను ఆగేదాకా ఆగాడు మధుసూదన్. "నాదే తప్పన్నాను వాసంతీ," అన్నాడు షెడ్డంతా వినబడేలా. "చెడగొట్టింది నేను. నింద నీ మీద వేశాను."